తెల్లని నేపథ్యం

స్ఫాక్స్ నగరానికి దక్షిణాన
రెండు తెల్లని గుట్టలు.
ఒకటి ఉప్పు.
రెండోది, మూతబడ్డ ఫాస్ఫేట్ ఫ్యాక్టరీ
బతికున్నన్నాళ్ళూ కక్కిన మడ్డి.
మధ్యలో మోకాలిలోతు మడుగు,
మడుగులో ఒంటికాలి మీద ఫ్లెమింగోలు.
వాటి వెనక రైలుకట్ట,
ఆలివ్ నూనె పీపాలతో లారీలు,
బాల్కనీల్లో పరుపులు ఆరేసిన అపార్ట్‌మెంట్లు.

వారమంతా నేను పెళ్ళిళ్ళు తీస్తాను.
గోరింట చేతులు, బంధువుల పళ్ళు,
ఎవరూ ముట్టకముందు బాదం మిఠాయిల పళ్ళెం.
సోమవారం స్టూడియోకి సెలవు.
మోపెడ్ వెనక ట్రైపాడ్ కట్టుకుని
ఇక్కడికొచ్చేస్తాను.
గట్టు మీద బోర్లా పడుకుంటే
పొట్టకింద ఉప్పుపెళ్ళలు విరుగుతాయి
పక్కనెవరో ఎండురొట్టె నములుతున్నట్టు.

చిమ్నీ ఎడమకి, పక్షులు కుడికి.
గాలి మారితే
పక్షులన్నీ ఒక్కసారే మొహం తిప్పుతాయి.
చిమ్నీ ఎటూ తిరగదు.
పొగ ఆగిపోయి చాన్నాళ్ళయింది,
అయినా నా చెయ్యి అలవాటుగా
దాని నోటి పైన
కాస్త ఆకాశం ఖాళీగా వదులుతుంది.

క్యాలెండర్ వాళ్ళకి పక్షులు కావాలి, చిమ్నీ వద్దు.
సముద్రం కోసం పోట్లాడే సంఘానికి చిమ్నీ కావాలి,
పక్షులు కనబడితే
అంతా బాగానే ఉందనుకుంటారట జనం.
ఒకే ఫోటోని చెరో సగం కోసిచ్చాను.
ఇద్దరూ డబ్బిచ్చారు.
నా గోడ మీద మాత్రం
మేకులు ఖాళీగానే ఉండిపోయాయి.

మోంజీ ఉప్పు లాగే మనిషి.
ఓసారి కెమెరా వెనక అద్దంలో
నలుపూ తెలుపూ బొమ్మ చూపించి
ఏ గుట్ట ఉప్పో చెప్పమన్నాను.
చాలాసేపు చూశాడు.
అద్దం మీద వేలు రాసి
నాలుక్కి తాకించుకున్నాడు.
"ఇది చెప్పదమ్మాయ్."

ఆ సాయంత్రం ఆయనే అడిగాడు.
పింఛను కాగితాలకి ఫోటో కావాలి,
వెనక తెలుపుండాలట.
స్టూడియోకి రమ్మన్నాను.
"ఇంత తెలుపు ఇక్కడ పెట్టుకుని
ఊళ్ళోకెందుకు?"
బూట్లు దులుపుకున్నాడు, బూట్లు ఫోటోలో పడవని తెలిసీ.
మెడగుండీ పెట్టుకుని
ఉప్పుగుట్ట ముందు నిలబడ్డాడు.
ముప్పైయేళ్ళుగా ఎండకి చిట్లించిన కళ్ళని
కష్టపడి విప్పాడు.

ఇన్నేళ్ళూ పక్షుల కోసం పెట్టిన లెన్స్‌తో
తొలిసారి ఓ మొహం దగ్గరికెళ్ళాను.
పెదవి పగుళ్ళలో ఉప్పు.
చెవి మడతల్లో ఉప్పు.
కనుబొమల్లో ఉన్నది మాత్రం
ఏ గుట్టదో గాలికే తెలియాలి.

"ఊపిరి తీసుకో, బాబాయ్."
తీసుకోలేదు. బిగబట్టాడు.

రెండు వారాలకి ఆఫీసువాళ్ళు తిప్పి పంపారు.
వెనక నీలం సిరాతో ఒకే ముక్క:
నేపథ్యం తెలుపు కాదు.
దీపం కింద పెట్టి చూశాను.
నిజమే.
ఎడమ చెవి పక్కన లేత గులాబీ మరక,
పొద్దుదో, మడుగుదో, అప్పుడే లేచిన రెక్కదో.
కుడిభుజం మీదుగా గుట్టమీదికి
సన్నగా ఓ నిలువు నీడ.
దాని పొడవెంతో
ఈ ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు.

దుప్పటి కట్టి ఇంకోటి తీసిచ్చాను.
అందులో ఆయన వెనక ఏమీ లేదు.
వెంటనే ముద్ర పడింది.

తిరిగొచ్చినదాన్ని
ఖాళీ మేకుల్లో ఒకదానికి తగిలించాను.
అంత గోడ మీద రెండువేళ్ళ వెడల్పు కాగితం.
ఇంటికొచ్చినవాళ్ళు
దగ్గరికెళ్ళి వంగి చూస్తారు,
"ఎవరాయన?" అంటారు.
ఇంకాసేపు వంగితే
కొందరు, అందరూ కాదు,
"ఆ గులాబీ ఏమిటి?" అంటారు.